సుత్తి ఎవరి చేతిలో? నోటుబుక్కు ఎవరి చేతిలో?

యూనివర్సిటీల్లో జియాలజీ డిపార్టుమెంటు ఉన్న చాలాచోట్ల ఒక విద్యార్థి సంఘం కూడా ఉంటుంది. పేరు ఒకచోట జియాలజీ సొసైటీ, ఇంకోచోట జియాలజీ క్లబ్బు, మరోచోట భూగర్భశాస్త్ర విద్యార్థుల సంఘం. పనులు మాత్రం అంతటా ఇంచుమించు ఒకటే. కొత్తవాళ్ళకి స్వాగతం, సీనియర్లకి వీడ్కోలు, పేరున్న శాస్త్రవేత్తని పిలిచి ఉపన్యాసం, రాళ్ళతో ఖనిజాలతో ఒక ఎగ్జిబిషను, కుదిరితే ఒక వార్షిక సంచిక. వీటన్నిటికీ మించింది ఫీల్డ్ ట్రిప్పు.

హక్కుల గురించి మాట్లాడుకునే మన పత్రికలో ఈ రాళ్ళ కబుర్లు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. గృహహింస, భూమి హక్కు, కూలిరేట్లు ఇన్ని ఉండగా, పాతికమంది విద్యార్థులు బస్సెక్కి కొండలు చూడటానికి పోతే మనకేమిటి? కానీ ఆ బస్సు బయలుదేరే ముందు ఒక చర్చ జరుగుతుంది. "మరి ఆడపిల్లల సంగతి ఏం చేద్దాం?" అనే చర్చ. మగపిల్లలతో సమానంగా పరీక్ష రాసి, సీటు తెచ్చుకుని, ఫీజు కట్టిన ఒక వ్యక్తి తన చదువులో భాగమైన చోటికి వెళ్ళాలా వద్దా అని, ఆమె లేనప్పుడు ఇతరులు తీర్మానిస్తారు. ఇలాంటి తీర్మానాలు మనకి కొత్తేమీ కాదు. పొలం దగ్గర, పంచాయితీ దగ్గర, పెళ్ళి దగ్గర చూసినవే. అందుకే ఇది మన పత్రికలో రావలసిన విషయం.

ముందుగా ఫీల్డ్ అంటే ఏమిటో చెప్పుకుందాం. డాక్టరు చదువుకి ఆసుపత్రి వార్డు ఎలాంటిదో జియాలజీ చదువుకి కొండా వాగూ అలాంటివి. తరగతి గదిలో బల్లమీద పెట్టిన రాయి చెప్పేది కొంతే. అది ఏ పొరలోది, ఆ పొర ఏ దిక్కుకి వాలింది, ఎంత వాలింది, దాని కింద ఏముంది, పక్కన ఏముంది అనేవి అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తాయి. టోపోషీటు చూసి తనెక్కడున్నదీ గుర్తుపట్టాలి. క్లైనోమీటరుతో వాలు కొలవాలి. సుత్తితో రాయి పగలగొట్టి, కొత్తగా బయటపడ్డ ముఖాన్ని లెన్సుతో చూడాలి. చూసింది నోటుబుక్కులో గీసుకోవాలి. ఇలా ఎన్నోసార్లు చేసినవాళ్ళకే రాతిని చదవటం వస్తుంది.

మన నేల ఈ చదువుకి పెద్ద గ్రంథాలయం. తిరుమల ఘాటురోడ్డు పక్కన అడుగునున్న గ్రానైటుకీ దానిమీద పరుచుకున్న క్వార్ట్‌జైటుకీ మధ్య కోట్ల ఏళ్ళ కాలం మాయమైపోయిన గీత కనిపిస్తుంది. మంగంపేట ముగ్గురాయి, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు, అనంతగిరి కొండల్లో బొర్రా గుహలు, గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలు. దేశంలో ఎక్కడెక్కడి విద్యార్థులో వీటిని చూడటానికి వస్తారు. ఈ రాష్ట్రాల్లోనే పుట్టి, ఇక్కడే జియాలజీ చదివి, వీటిని ఫోటోల్లోనే చూసిన అమ్మాయిలు ఎంతమంది ఉంటారో ఏ డిపార్టుమెంటయినా లెక్క తీసిందా? భూగర్భ సర్వేలో ఉద్యోగమంటే నెలల తరబడి క్యాంపుల్లో ఉండి పటాలు గియ్యటం. ఫీల్డ్ చూపించకుండా పట్టా ఇచ్చేసి, ఆ తర్వాత ఇంటర్వ్యూలో "ఆడవాళ్ళకి ఫీల్డ్ పని చేతకాదు" అంటారు. చేతకానివ్వనిది ఎవరు?

ఆడపిల్లల్ని ఆపేటప్పుడు "మీరు రావద్దు" అని ఎవరూ మొహం మీద చెప్పరు. కారణాలు చాలా మర్యాదగా, "మీ మంచికే" అన్నట్టు వస్తాయి. హాస్టల్లో రాత్రి బయట ఉండటానికి అనుమతి లేదంటారు. తండ్రి సంతకంతో ఉత్తరం తెమ్మంటారు. అదే క్లాసులో కూర్చున్న మగపిల్లల్ని ఏ తండ్రి సంతకమూ అడగరు. లేడీ లెక్చరర్ తోడు రావాలంటారు. డిపార్టుమెంటులో లేడీ లెక్చరరే లేకపోతే? ఆమెని నియమించకపోవటం అమ్మాయిల తప్పవుతుంది! దారిలో బాత్రూములు లేవంటారు. బహిష్టు సమయంలో కొండలెక్కటం ఎలా అని నసుగుతారు. చివరికి ఒక రాజీ కుదురుతుంది. వారం రోజుల ట్రిప్పు మగపిల్లలకి, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ఊరి పక్క క్వారీ ఆడపిల్లలకి. మార్కుల జాబితాలో మాత్రం రెండూ ఒకటే. కాగితం మీద ఎక్కడా వివక్ష కనపడదు.

సరే, పోరాడి ట్రిప్పుకి వెళ్ళారనుకుందాం. అక్కడ పని ఎలా పంచుకుంటారో చూడండి. నలుగురైదుగురితో ఒక బృందం. సుత్తి, కంపాసు అబ్బాయిల చేతిలో. అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని వాళ్ళు చెప్పే కొలతలు రాసుకుంటుంది. చేతిరాత బాగుంటుంది కదా! కొండ ఎక్కేది వాళ్ళు, కింద సంచుల దగ్గర కూర్చునేది ఈమె. తిరిగొచ్చాక ఎగ్జిబిషనుకి లేబుళ్ళు రాసేది, ముగ్గు వేసేది, అతిథికి పూలగుత్తి అందించేది ఈమె. వేదికమీద మైకు పట్టుకునేది ఆయన. సంఘం ఎన్నికల్లో అధ్యక్షుడు, కార్యదర్శి అబ్బాయిలు. అమ్మాయికి ఉపాధ్యక్ష పదవో "లేడీస్ రిప్రజెంటేటివ్" పదవో ఇస్తారు. ఇంట్లో మనం చూసే శ్రమ విభజనే ఇక్కడ శాస్త్రం పేరుతో సాగుతుంది. కావాలని ఎవరూ చేస్తున్నట్టుండదు. ఎవరూ ఆలోచించకుండానే జరిగిపోతుంది. అందుకే దీన్ని పట్టుకోవటం కష్టం.

ఈ గొడవ మన దగ్గరే పుట్టలేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీలో 1880లో మొదలైన సెడ్జ్‌విక్ క్లబ్బు, విద్యార్థులు నడిపే భూగర్భశాస్త్ర సంఘాల్లో ప్రపంచంలోకెల్లా పాతదిగా పేరుపొందింది. ఆ రోజుల్లో అక్కడ స్త్రీలు తరగతుల్లో కూర్చోవచ్చు గానీ, పెళ్ళయిన ఒక స్త్రీ తోడు లేకుండా ఫీల్డ్‌కి వెళ్ళటానికి వీల్లేదు. ప్రొఫెసర్ మెకెన్నీ హ్యూస్‌కి పెళ్ళయ్యాక ఆయన భార్య మేరీ కారొలైన్ హ్యూస్ ట్రిప్పులకి వెంట వెళ్ళటం మొదలుపెట్టింది. దాంతో అమ్మాయిలకి దారి దొరికింది. అంటే ఒక మగవాడి పెళ్ళి మీద ఎందరో స్త్రీల చదువు ఆధారపడింది!

అక్కడ చదువుకున్న గెర్‌ట్రూడ్ ఎల్స్, తన సహాధ్యాయిని ఎథెల్ వుడ్‌తో కలిసి గ్రాప్టొలైట్లనే ప్రాచీన సముద్రజీవుల శిలాజాల మీద 1901 నుంచి 1918 దాకా వెలువడిన మహాగ్రంథం రాసింది. రాతిపొరల వయసు తేల్చటానికి తర్వాతి వాళ్ళు దానిమీద ఆధారపడ్డారు. 1900లో లండన్ జియలాజికల్ సొసైటీ ఎల్స్‌కి లైయల్ నిధి నుంచి బహుమానం ప్రకటించింది. కానీ సొసైటీ సమావేశాలకి స్త్రీలు రాకూడదు. ఆమె బహుమానాన్ని ఆమె ప్రొఫెసరు అందుకోవలసి వచ్చింది. 1807లో పుట్టిన ఆ సొసైటీ స్త్రీలని సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. కేంబ్రిడ్జి స్త్రీలకి పూర్తి పట్టాలిచ్చింది 1948లో. ఫీల్డ్‌లో ఆమె పనికొచ్చింది, సభలోకి పనికిరాలేదు! మనం "ఉపాధ్యక్షురాలు" అని పిలిచి పూలగుత్తి చేతికిచ్చే అమ్మాయికీ ఆమెకీ ఉన్న దూరం నూరేళ్ళకి పైగానే. కానీ ఆ దూరంలో మనం నడిచింది ఎంత?

మన దేశంలో దారి చేసుకున్నవాళ్ళు లేకపోలేదు. జాదవ్‌పూర్ యూనివర్సిటీకి చెందిన సుదీప్తా సేన్‌గుప్తా 1983-84లో మూడవ భారత అంటార్కిటికా యాత్రలో వెళ్ళి అక్కడి శిలలని అధ్యయనం చేసింది. సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్ కూడా అదే యాత్రలో ఉంది. భారత అంటార్కిటికా యాత్రల్లో పాల్గొన్న మొదటి స్త్రీలు వాళ్ళిద్దరే. సేన్‌గుప్తా పర్వతారోహణలో శిక్షణ పొందిన మనిషి. 1991లో భట్నాగర్ పురస్కారం అందుకుంది. మంచు ఖండంలో పనిచేసిన స్త్రీ ఉన్న దేశంలో, నల్లమలలో మూడు రాత్రులు గడపటానికి అమ్మాయిలు పనికిరారనటం ఎంత హాస్యాస్పదం!

"రక్షణ" పేరుతో స్త్రీలని తప్పించిన చరిత్ర గనుల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఝరియా, రాణీగంజ్ బొగ్గుగనుల్లో ఒకప్పుడు వేలాది స్త్రీలు భూమి లోపల బొగ్గు మోశారు. 1929 నిబంధనలతో వాళ్ళని దశలవారీగా తొలగించటం మొదలై 1937కల్లా పూర్తి నిషేధం వచ్చింది. అక్కడి పరిస్థితులు ఘోరమైనవే, సందేహం లేదు. అయితే పరిస్థితులు మార్చటం కంటే స్త్రీలని తీసెయ్యటం తేలికైంది. పోయిన కూలికి బదులు పని ఎవరూ చూపలేదు. యుద్ధకాలంలో బొగ్గు కొరత రాగానే 1943లో నిషేధం ఎత్తేశారు. యుద్ధం ముగిశాక 1946లో మళ్ళీ పెట్టారు. స్త్రీల ఆరోగ్యం గురించి అంత బెంగ ఉన్నవాళ్ళకి ఆ మూడేళ్ళూ ఆ బెంగ ఎటు పోయింది?

1952 గనుల చట్టం 46వ సెక్షను ఆ నిషేధాన్ని కొనసాగించింది. భూమి పైన పని కూడా పొద్దున్న 6 నుంచి రాత్రి 7 లోపే అంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. భూగర్భంలో స్త్రీల పనిని నిషేధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 1935 నాటి 45వ ఒప్పందమే, చదువులో భాగంగా శిక్షణకి గనిలో దిగే విద్యార్థినులకి మినహాయింపు ఇవ్వవచ్చని రాసింది. మన చట్టం నిషేధించింది కూడా ఉద్యోగాన్నే. అయినా "చట్టం ఒప్పుకోదు" అనే మాట విద్యార్థినుల మీదా ప్రయోగించారు.

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో స్త్రీలు పగటివేళ భూగర్భ గనుల్లోకి వెళ్ళటానికి అనుమతించింది. రాతపూర్వక సమ్మతి ఉండాలి, ఒక్కో షిఫ్టులో కనీసం ముగ్గురు స్త్రీలుండాలి అనేవి షరతులు. 2021లో ఆకాంక్ష కుమారి సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ వారి చూరీ భూగర్భ గనిలో మైనింగ్ ఇంజనీరుగా చేరింది. తెలంగాణ అమ్మాయి సంధ్య రసకట్ల రాజస్థాన్‌లో భూగర్భ గనికి మేనేజరైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులకీ స్త్రీలు అర్హులే అంటోంది. ఆ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు బలమైనవి, వాటిని విడిగా చర్చించుకోవాలి. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. గని తలుపు చట్టం తెరిచింది. కానీ ఆ తలుపు దాకా వెళ్ళే దారి చదువుకునే రోజుల్లోనే, ఫీల్డ్ ట్రిప్పు దగ్గరే మూసేస్తే ఆ తెరిచిన తలుపు ఎవరికోసం?

భయాలు నిజం కావా అని అడిగేవాళ్ళున్నారు. నిజమే. వాటిని కొట్టిపారెయ్యటం స్త్రీల పక్షాన మాట్లాడేవాళ్ళు చెయ్యకూడని పని. ఊరికి దూరంగా, రోజుల తరబడి, మార్కులు వేసే మనిషి చేతికింద ఉండటంలో ప్రమాదం ఉంది. ఫీల్డ్‌లో పనిచేసే 666 మంది పరిశోధకులని అడిగి 2014లో అమెరికాలో ప్రచురించిన సర్వేలో 64 శాతం మంది తమకి లైంగిక వేధింపులు ఎదురయ్యాయన్నారు. భూగర్భశాస్త్రవేత్త జేన్ విల్లెన్‌బ్రింగ్, విద్యార్థినిగా 1999-2000లో అంటార్కిటికాలో తన ప్రొఫెసరు పెట్టిన వేధింపుల గురించి 2016లో, తన ఉద్యోగం స్థిరపడ్డాక గానీ ఫిర్యాదు చెయ్యలేకపోయింది. విచారణ జరిగి 2019లో బోస్టన్ యూనివర్సిటీ అతన్ని తొలగించింది. దాదాపు ఇరవై ఏళ్ళు!

అయితే ఈ ప్రమాదానికి మందు అమ్మాయిని హాస్టల్లో కూర్చోబెట్టటమా? వేధించేవాడు ట్రిప్పుకి వెళ్తాడు, వేధింపుకి గురికాగల మనిషి ఆగిపోతుంది. ఇదెక్కడి న్యాయం? యూజీసీ 2015లో చేసిన నిబంధనలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. క్యాంపస్ అంటే యూనివర్సిటీ గోడల లోపలే కాదు. ఫీల్డ్ ట్రిప్పులు, స్టడీ టూర్లు, క్యాంపులు, అక్కడికి వెళ్ళే బస్సు కూడా క్యాంపస్ కిందికే వస్తాయి. అక్కడ జరిగిన వేధింపుని విచారించే బాధ్యత యూనివర్సిటీ అంతర్గత ఫిర్యాదుల కమిటీదే. విద్యార్థులకి సంబంధించిన ఫిర్యాదయితే ఆ కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ముగ్గురుండాలి. భద్రతని సాకుగా చూపించి హాస్టళ్ళలో ఆడపిల్లలకి మగపిల్లలకి లేని నిబంధనలు పెట్టకూడదని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. ఈ ముక్క ఎన్ని హాస్టళ్ళ నోటీసుబోర్డుల మీద ఉంది? ఎంతమంది వార్డెన్లకి తెలుసు? చెప్పవలసింది మనమే.

ఇంతకీ జియాలజీ చదివే కొద్దిమంది అమ్మాయిల కోసం మన సంఘాలు ఎందుకు పూనుకోవాలి? ఎందుకంటే కాళ్ళకింద ఏముందో చదవగలిగినవాళ్ళ మాటే భూమి గురించిన వాదాల్లో చెల్లుతుంది. విద్యార్థులు చూడటానికి వెళ్ళే బొర్రా గుహలున్న అనంతగిరి ప్రాంతంలోనే, కాల్సైటు తవ్వకాలకి ఇచ్చిన లీజుల మీద గిరిజనుల పోరాటం 1997లో సమతా తీర్పుకి దారితీసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి గని లీజులివ్వటం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ ఏ గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినా కంపెనీ తరపున ఒక జియాలజిస్టు పటాలతో వస్తాడు. ఊరి స్త్రీలు "మా బావులు ఎండిపోతాయి" అంటే, "శాస్త్రీయంగా రుజువేది?" అంటాడు. ఆ పటాన్ని చదివి, ఊరి స్త్రీల పక్కన నిలబడి జవాబు చెప్పే మనిషి మనకి కావాలి. నల్గొండ నీళ్ళలో ఫ్లోరైడు అక్కడి గ్రానైటు రాళ్ళ నుంచి వస్తుంది. ఏ బోరు నీళ్ళు తాగొచ్చు, ఏవి తాగకూడదు అనేది ఆ నీళ్ళు మోసే స్త్రీలకి అందవలసిన జ్ఞానం. ఫీల్డ్ చూడని జియాలజిస్టు ఈ పనికి పనికిరాదు.

ఇంకొక మాట. క్వారీకి వెళ్ళిన విద్యార్థులు రాతి ఫోటో తీసేటప్పుడు కొలత తెలియటానికి పక్కన సుత్తి పెడతారు. అక్కడే ఎండలో కంకర కొట్టే ఆడకూలీని మాత్రం ఫోటోలోంచి పక్కకి తప్పుకోమంటారు. ఏ రాయి ఏ వాటున పగులుతుందో ఆమెకి తెలుసు. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుందని విద్యార్థులకి తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ ఒక పూట కలిసి కూర్చుని మాట్లాడుకోవు. జియాలజీ సొసైటీ ట్రిప్పుల్లో ఆ పూట కూడా ఒక కార్యక్రమం కావాలి.

చెయ్యవలసినవి పెద్ద పనులు కావు. వారం రోజుల ట్రిప్పుకి అమ్మాయిలు రాలేని పరిస్థితి ఉంటే ఆ ట్రిప్పు ఎవరికీ ఉండకూడదని సొసైటీ నియమావళిలో రాసుకోవాలి. అప్పుడు బాత్రూములు, బస, బస్సు అందరి సమస్యలవుతాయి. లేడీ లెక్చరర్ తోడు రావటం మంచిదే, కానీ ఆమె లేరన్న కారణంతో ట్రిప్పు ఆపకూడదు. మాత్రలు, కట్టు గుడ్డల పెట్టెలో శానిటరీ ప్యాడ్లు కూడా ఉండాలి. బృందంలో సుత్తి, కంపాసు, నోటుబుక్కు రోజుకొకరి చేతికి మారాలి. ఫిర్యాదుల కమిటీ వాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు బయలుదేరే ముందే అందరికీ ఇవ్వాలి. బూట్లకీ ప్రయాణానికీ డబ్బుల్లేక ఆగిపోయే అమ్మాయిల్లో దళిత, గిరిజన, వెనకబడిన కులాల అమ్మాయిలే ఎక్కువగా ఉంటారు. ఆ ఖర్చు డిపార్టుమెంటు భరించాలి. ట్రిప్పుకి ముందు తల్లిదండ్రులతో, ముఖ్యంగా తల్లులతో ఒకసారి కూర్చుని మాట్లాడితే సగం భయాలు తీరతాయి.

ఇందులో మన సంఘాల పాత్ర ఉంది. మీ ఊళ్ళో యూనివర్సిటీ ఉంటే జియాలజీ విద్యార్థినులని ఒకసారి కలవండి. ఈ ఏడాది ట్రిప్పు ఎక్కడికి, ఎంతమంది అమ్మాయిలు వెళ్ళారు, వెళ్ళనివాళ్ళు ఎందుకు వెళ్ళలేదు అని అడగండి. యూజీసీ నిబంధనల్ని తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి హాస్టల్లో పంచండి. మీరు పనిచేసే ఊళ్ళకి, చెరువుల దగ్గరికి, క్వారీల దగ్గరికి వాళ్ళని పిలవండి. వాళ్ళ సొసైటీకి మంచి కార్యక్రమం దొరుకుతుంది, మన ఊళ్ళకి మంచి జియాలజిస్టులు దొరుకుతారు.

కొండ ఎక్కటం ఎవరో ఇచ్చే అనుమతి కాదు. ఆ చదువులో చేరిన రోజునే అమ్మాయికి వచ్చిన హక్కు. వచ్చే ట్రిప్పు నోటీసు బోర్డు మీద పడినప్పుడు "ఆడపిల్లల సంగతి ఏం చేద్దాం?" అని అడిగే గదిలో ఆ ఆడపిల్లలే కూర్చుని ఉండాలి. తేదీ, దారి, బస, బృందాలు వాళ్ళు కూడా కలిసి నిర్ణయించాలి. ఈ ఏడాది ఒక్క డిపార్టుమెంటులో అయినా అలా జరిగేట్టు చూద్దాం.